వెబ్‌సైటుకూ ఉంటుందో సర్టిఫికెట్!

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే చాలు... జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఎక్కడ చూసినా మీసేవ కేంద్రాల ముందు జనమే. ఒకరికి ఇన్‌కమ్ సర్టిఫికెట్, మరొకరికి క్యాస్ట్ సర్టిఫికెట్. వాటిని తీసుకెళ్లి కాలేజీ ఆఫీసులో ఇస్తే అక్కడి గుమస్తా మూడే మూడు విషయాలు చూస్తారు. పేరు సరిపోయిందా? గడువు ఉందా? సంతకం ఎవరిది? ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా కాగితం వెనక్కే!

అచ్చం ఇదే తంతు మన ఫోన్లోనూ జరుగుతుంటుంది. బ్యాంకు సైటో, కరెంటు బిల్లు కట్టే సైటో తెరవగానే బ్రౌజర్ ఆ సైటును ‘సర్టిఫికెట్ చూపించు’ అని అడుగుతుంది. పేరు, గడువు, సంతకం మూడూ చూసుకుంటుంది. అన్నీ సరిపోతే మనకు తెలియకుండానే పని జరిగిపోతుంది. ఏదైనా తేడా వస్తే మాత్రం తెర మీద ఎర్రటి గుర్తుతో ఓ హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది... ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని.

అప్పుడు మనలో చాలామంది చేసేదేమిటి? కింద చిన్న అక్షరాల్లో ఉన్న ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘ప్రొసీడ్’ నొక్కి లోపలికి వెళ్లిపోవడం! ఫీజు కట్టడానికి ఆఖరి రోజైతే ఇక చెప్పేదేముంది? కానీ ఆ హెచ్చరిక ఎందుకొచ్చిందో చదవడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషమే ఒక్కోసారి బ్యాంకు ఖాతాను కాపాడుతుంది.

రెండు పనులు... ఒకే తాళం

చిరునామా మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ అని ఉంటే ఆ సైటుతో మన మాటలు రహస్యంగా సాగుతున్నాయని అర్థం. చివర్లో ఉన్న ‘ఎస్’ అంటే సెక్యూర్. ‘ఎస్’ లేని సైటుకు సమాచారం పంపడం పోస్టుకార్డు రాయడం లాంటిది... దారిలో ఎవరైనా చదవొచ్చు. ‘ఎస్’ ఉంటే అంటించిన కవరు.

అయితే కవరు అంటిస్తే సరిపోతుందా? అది చేరాల్సిన మనిషికే చేరుతోందని ఎలా తెలియాలి? దొంగ చేతికే కవరు ఇస్తే ఎంత గట్టిగా అంటించి ఏం లాభం! అందుకే సర్టిఫికెట్. అవతల ఉన్నది ఫలానా చిరునామాయే అని మూడో వ్యక్తి పూచీ పడటమన్నమాట. హెచ్చరిక వచ్చిందంటే... ‘అవతల ఉన్నదెవరో నాకు రూఢి కావడం లేదు’ అని బ్రౌజర్ చెబుతోందని అర్థం.

మొదటి తేడా... తేదీ

హెచ్చరిక కింద ఇంగ్లిషులో చిన్న కోడ్ ఉంటుంది. అందులో ‘డేట్ ఇన్వాలిడ్’ అని ఉంటే ముందుగా మీ ఫోనులో, కంప్యూటర్లో తేదీ చూసుకోండి. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ కంప్యూటర్ లెక్కలో ఈనాటి సర్టిఫికెట్లన్నీ ‘ఇంకా పుట్టనివే’! అన్ని సైట్లకూ ఒకేసారి హెచ్చరిక వస్తోందంటే లోపం సైట్లది కాదు, మీ గడియారానిదే. తేదీ సరిచేసి, ఆ చిన్న బ్యాటరీ మారిస్తే సరి.

మీ తేదీ సరిగ్గానే ఉండి, ఒక్క సైటుకే ఇలా వస్తోందంటే ఆ సైటు సర్టిఫికెట్‌కు గడువు తీరిపోయి ఉంటుంది. ఈ గడువులు ఏటికేడు తగ్గుతున్నాయి. 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠంగా 398 రోజులు. బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసుకున్న తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే! ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని చేయించుకునే పని కాదిక.

రెండో తేడా... పేరు

మహబూబాబాద్‌ను మనం మానుకోట అంటాం. ఎవరు ఏ పేరుతో అడిగినా బస్సు ఎక్కించేస్తాం. కానీ బ్రౌజర్‌కు ఆ చనువు లేదు. సర్టిఫికెట్‌లో మహబూబాబాద్ అని ఉండి మీరు మానుకోట అని టైపు చేస్తే ‘ఈ ఊరు వేరు, ఆ ఊరు వేరు’ అంటుంది. ‘కామన్ నేమ్ ఇన్వాలిడ్’ అనే కోడ్‌కు అర్థమదే. ముందు ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ’ పెట్టిన చిరునామా, పెట్టని చిరునామా కూడా దాని దృష్టిలో రెండు వేర్వేరు పేర్లు. సైటు నిర్వాహకులు సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు రెండు పేర్లూ రాయించుకోవాలి. ఒకటే రాయించుకుంటే సగం మందికి సైటు తెరుచుకుంటుంది, సగం మందికి హెచ్చరిక కనిపిస్తుంది.

భూపాలపల్లినే తీసుకోండి. ఇంగ్లిషులో ఆ పేరును ఎన్ని రకాలుగా రాస్తున్నారో! ఒక్క అక్షరం తేడాతో ఇంకెవరిదో చిరునామాకు వెళ్లిపోవచ్చు. అందుకే పేరు తేడా అని హెచ్చరిక రాగానే మీరు టైపు చేసిన స్పెల్లింగ్ మరోసారి చూసుకోండి.

2024లో మన రాష్ట్రం పొట్టిపేరు టీఎస్ నుంచి టీజీకి మారింది. టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. ఇలా పేరుతోపాటు వెబ్ చిరునామా కూడా మార్చుకునే ఏ సంస్థకైనా కొత్త పేరుతో సర్టిఫికెట్ కావాలి. ఇక్కడే చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పాత చిరునామాకు వచ్చేవాళ్లను కొత్తదానికి మళ్లించాలంటే పాత పేరు మీదున్న సర్టిఫికెట్‌కూ గడువు ఉండాలి. లేదంటే మళ్లింపు దాకా వెళ్లకముందే గుమ్మంలో హెచ్చరిక అడ్డుపడుతుంది!

మూడో తేడా... సంతకం

గూడూరు తహసీల్దారు ఎవరో హైదరాబాద్ కాలేజీ గుమస్తాకు తెలియదు. అయినా ఆ సంతకాన్ని నమ్ముతారు. ఎందుకంటే తహసీల్దారు వెనక ప్రభుత్వం ఉంది. వెబ్‌లోనూ అంతే. ప్రతి బ్రౌజర్, ప్రతి ఫోను తాము నమ్మే మూల సంస్థల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుంటాయి. మూల సంస్థ మధ్య సంస్థకు పూచీ, మధ్య సంస్థ సైటుకు పూచీ... ఇలా గొలుసులా ఉంటుంది. గొలుసు తెగితే ‘అథారిటీ ఇన్వాలిడ్’ అని వస్తుంది.

‘కంప్యూటర్లో తెరుచుకుంటోంది, ఫోన్లో తెరుచుకోవట్లేదు’ అనే ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం. సర్వర్‌లో సైటు సర్టిఫికెట్ పెట్టి, మధ్య సంస్థ సర్టిఫికెట్ పెట్టడం మరిచిపోతారు. కంప్యూటర్ బ్రౌజర్ ఆ లోటును తనే వెతికి పూడ్చుకోవచ్చు. ఫోను అంత శ్రమ తీసుకోకపోవచ్చు.

ఒక్కోసారి ఫోనే పాతబడుతుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మొదట్లో ఆధారపడిన ఓ మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1 కంటే ముందటి ఫోన్లకు ప్రత్యేకంగా ఇచ్చిన వెసులుబాటు కూడా 2024 సెప్టెంబరు 30తో పోయింది. తాతయ్య పాత ఫోనులో కొన్ని సైట్లు రాకపోవడానికి కారణం సిగ్నల్ కాదు... ఇది!

సంతకమే దారితప్పితే?

తెలంగాణ ఏర్పడి సరిగ్గా నెల. 2014 జులై 2న గూగుల్ ఓ వింత గమనించింది. తన చిరునామాల పేరుతో తాను అడగని సర్టిఫికెట్లు బయట ఉన్నాయి! ఇచ్చింది ఎవరో కాదు... మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్. దానికి పైన పూచీ ఉన్నది ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్. ఆ మర్నాడే, జులై 3న, ఎన్‌ఐసీ మధ్య సర్టిఫికెట్లన్నిటినీ కంట్రోలర్ రద్దు చేశారు. ఎన్‌ఐసీలో సర్టిఫికెట్లు జారీ చేసే ప్రక్రియలోకే ఎవరో చొరబడ్డారని తర్వాత తేలింది. పెద్దఎత్తున దుర్వినియోగం జరిగిన ఆనవాళ్లు లేవని గూగుల్ చెప్పింది. అయినా భారత మూల సర్టిఫికెట్‌ను జీవోవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, రిజర్వు బ్యాంకు వంటి కొద్దిపాటి చిరునామాలకే పరిమితం చేసింది.

మీసేవ పత్రం మీద తహసీల్దారు డిజిటల్ సంతకాన్ని నమ్మడానికీ ఇలాంటి గొలుసే ఆధారం. దాని చివరన ఉన్నదీ అదే కంట్రోలర్. అంటే ఇది ఎక్కడో కంప్యూటర్ నిపుణుల గొడవ కాదు. మన పిల్లల స్కాలర్‌షిప్ కాగితం దాకా వచ్చే సంగతి.

గొలుసు తెగితే ఏమవుతుందో 2011లో ప్రపంచం చూసింది. నెదర్లాండ్స్‌లోని డిజీనోటార్ అనే సంస్థలోకి హ్యాకర్లు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటిలో గూగుల్ పేరుతో ఉన్నదాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవారి మీద ప్రయోగించారు. సుమారు 3 లక్షల మంది దాని బారిన పడ్డారని అంచనా. ఆ సెప్టెంబరులోనే డిజీనోటార్ దివాలా తీసింది.

మీ చేతిలో ఓ సైటు ఉంటే...

స్కూలు, కాలేజీ, ఆస్పత్రి, సహకార సంఘం... ఏదో ఒకదాని వెబ్‌సైటు బాధ్యత మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? అయితే ఈ భాగం కత్తిరించి వాళ్లకివ్వండి.

• ఆఫీసు వైఫై వదిలేసి మొబైల్ డేటాతో సైటు తెరిచి చూడండి. ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ’తో ఒకసారి, లేకుండా ఒకసారి.

• చిరునామాకు ఎడమపక్క గుర్తు నొక్కితే సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంది, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది... అన్నీ కనిపిస్తాయి.

• కొత్త సర్టిఫికెట్ తీసుకున్నా పాతదే కనిపిస్తోందా? అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ వంటి సర్వర్ ప్రోగ్రామును రీలోడ్ చేసేదాకా అది పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది.

• సర్టిఫికెట్ దానంతటదే రెన్యువల్ కావడం ఆగిపోయిందా? ఫైర్‌వాల్‌లో పోర్టు 80 మూసేశారేమో, చిరునామాను వేరే సర్వర్‌కు మార్చారేమో చూడండి.

• ఫోన్లలోనే తేడా వస్తుంటే మధ్య సర్టిఫికెట్ కూడా కలిసి ఉన్న ‘ఫుల్‌చైన్’ ఫైలు పెట్టండి.

• హెచ్చరిక లేదు గానీ సైటే తెరుచుకోవడం లేదా? పోర్టు 443 మూసి ఉందేమో చూడండి. సర్వర్ పాతదైతే టీఎల్‌ఎస్ 1.2 లేదా 1.3 పెట్టించండి. అంతకంటే పాతవాటిని ప్రధాన బ్రౌజర్లు 2020లోనే పక్కనపెట్టాయి.

• సైటు తెరుచుకున్నా బొమ్మలు రాకపోతే వాటి లింకుల్లో ‘ఎస్’ లేదేమో చూడండి.

• సర్టిఫికెట్ తాలూకు ప్రైవేట్ కీని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. అది ఆఫీసు రబ్బరు స్టాంపు లాంటిది. చేయి జారితే పాత సర్టిఫికెట్ రద్దు చేయించి కొత్త కీతో కొత్తది తీసుకోవాలి.

మరొక మాట. గడువు ముగుస్తోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒకప్పుడు మెయిల్ పంపేది. 2025 జూన్ నుంచి ఆ మెయిళ్లు ఆపేసింది. ఆ తేదీని ఆఫీసు రిజిస్టరులో రాసుకోవాల్సింది మీరే. సైటు తయారుచేసిన కుర్రాడు ఉద్యోగానికి వెళ్లిపోతే పాస్‌వర్డులు కూడా అతనితోనే వెళ్లిపోకుండా చూసుకోవాల్సిందీ మీరే.

అసలు నష్టం ఎక్కడ?

సర్టిఫికెట్ గడువు తీరితే సైటేమీ కూలిపోదు. అందుకే ‘ఏం కాదు, ప్రొసీడ్ కొట్టండి’ అని ఫోనులో సలహా ఇచ్చేస్తుంటారు నిర్వాహకులు. నిజమే, ఆ రోజుకు ఏమీ కాకపోవచ్చు. కానీ ఫీజు కట్టడానికి వచ్చిన 500 మంది తల్లిదండ్రులకు ఆ రోజు వాళ్లు నేర్పిన పాఠం ఏమిటి? ‘ఎర్ర హెచ్చరికను పట్టించుకోకూడదు’ అని! రేపు నిజంగానే ఓ దొంగ మధ్యలో నిలబడినప్పుడు, అదే హెచ్చరిక వస్తే, అదే వేలు అదే బటన్ నొక్కుతుంది. ‘నాన్నా పులి’ కథలో పిల్లాడు ఒక్కడే నష్టపోయాడు. ఇక్కడ ఊరంతా నష్టపోతుంది.

అలాగని హెచ్చరిక రాని సైటంతా మంచిదేననీ కాదు. దొంగ సైటు పెట్టేవాడికీ సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. అది ‘ఈ చిరునామా ఇదే’ అని చెబుతుందే తప్ప ‘ఈ మనిషి మంచివాడు’ అని చెప్పదు. తాళం గుర్తు చూసి జనం మోసపోతున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

కాబట్టి ఇంట్లో అందరికీ ఒకటే నియమం. పాస్‌వర్డు, ఓటీపీ, డబ్బు... ఈ మూడింట్లో ఏది ఇవ్వాల్సి ఉన్నా హెచ్చరిక దాటి వెళ్లొద్దు. తేదీ చూసుకోండి, స్పెల్లింగ్ చూసుకోండి. రైల్వే స్టేషన్ వైఫైలో ఉంటే మొబైల్ డేటాకు మారి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ సంస్థకు ఫోన్ చేసి చెప్పండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం పిల్లలకు చిన్న పని పెట్టండి. వాళ్ల స్కూలు వెబ్‌సైటు సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుందో చూసి చెప్పమనండి. గడువు దగ్గరపడితే సోమవారం హెడ్‌మాస్టరు గారికి చెప్పి రమ్మనండి. ఫీజుల ఆఖరి రోజున తెలియడం కంటే ముందే తెలియడం మేలు కదా!