తీరిక వేళ: ఇంటి పెద్దల రూపచిత్రం

గత సంచికలో దీపావళి వెలుగులను ఫోటో తీయడం గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి మనిషి ముఖం దగ్గరికి వద్దాం.

2009లో మా నాన్నగారు కాలం చేశారు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలని ఫోటో కోసం ఇల్లంతా వెదికాం. చివరికి దొరికింది 1994లో మా చెల్లెలి పెళ్లినాటి గ్రూపు ఫోటో ఒక్కటే. స్టూడియో వారు అందులోంచి నాన్నగారి ముఖాన్ని వేరు చేసి, పెద్దది చేసి, వెనుక నీలిరంగు నింపి ఇచ్చారు. కళ్లు మసకబారాయి. చెవి పక్కన ఎవరిదో భుజం కొంత మిగిలిపోయింది. నేటికీ మా గోడపై ఉన్నది ఆ పటమే. అప్పటికి పదహారేళ్లుగా నా చేతిలో కెమెరా ఉంది. ప్లాంటులో కొత్త టర్బైను బిగించిన రోజున మూడు రీళ్లు ఖర్చు చేసినవాణ్ణి, నాన్నగారిని ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టి ఫోటో తీయలేదు.

ఆ పొరపాటు మీ ఇంట జరగకూడదనే ఈ వ్యాసం.

ఇంజినీర్లకు ఈ కళ అబ్బదని ఎవరైనా అంటే రాజా దీన్‌దయాళ్‌ను గుర్తు చేయండి. 1844లో జన్మించిన ఆయన రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం చేపట్టారు. అనంతరం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా పాటించే స్త్రీలు అక్కడ సంకోచం లేకుండా కెమెరా ముందు కూర్చోగలిగారు. మనం నేర్వవలసిన మొదటి పాఠం ఇదే. ఎదుటి మనిషి బిడియం తొలగనిదే ఎంత ఖరీదైన కటకమైనా నిష్ప్రయోజనం.

ఇక రెండవది దూరం. నేడు చాలామంది సెల్‌ఫోనును ముఖానికి అడుగు దూరంలో పెట్టి తీస్తున్నారు. ముక్కు కొన నుంచి చెవి వరకు సుమారు 5 అంగుళాలు అనుకుందాం. కెమెరా ముక్కుకు 12 అంగుళాల దూరంలో ఉంటే చెవి 17 అంగుళాల దూరంలో ఉన్నట్లు. అంటే చెవితో పోల్చినప్పుడు ముక్కు దాదాపు 40 శాతం పెద్దదిగా నమోదవుతుంది. అదే 5 అడుగుల దూరానికి వెనక్కి జరిగితే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. కనుక ఐదారు అడుగుల దూరంలో నిలబడండి. ఫోనులో 2 రెట్లు లేదా 3 రెట్లు చూపే కటకం ఉంటే దానిని వాడండి. కెమెరా ఉన్నవారికి 50 నుంచి 85 మిల్లీమీటర్ల కటకం చాలు.

మూడవది వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్లు గుంటలుగా కనిపిస్తాయి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ముఖం పళ్లెంలా చదునవుతుంది. మన క్వార్టర్లలో ఎండ నేరుగా పడని కిటికీ ఒకటైనా ఉంటుంది. దానికి రెండు మూడు అడుగుల దూరంలో కుర్చీ వేసి, ముఖం కాస్త కిటికీ వైపు తిప్పి కూర్చోమనండి. ట్యూబులైటు ఆర్పివేయండి. లేకుంటే రెండు రంగుల వెలుగు ముఖంపై కలిసిపోతుంది. నీడ పడే వైపున మరో కుర్చీపై తెల్ల పంచె ఆరవేస్తే వెలుగు తిరిగి చెంపపై పడి ముడతలు మెత్తబడతాయి. కళ్లజోడులో కిటికీ మెరుస్తుంటే తల కొంచెం వంచమనండి. ఫోనులో ముఖంపై వేలితో తాకితే వెలుగు లెక్క ఆ ముఖానికే సరిపోతుంది. ఫోకస్ కంటిపైనే ఉండాలి. వెనుక క్యాలెండరు, గడియారం తల మీంచి మొలిచినట్లు ఉన్నాయేమో ముందే చూసుకోండి.

ఇవన్నీ అమర్చుకొని రెండేళ్ల క్రితం మా అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "ఈ ముసలిదానికి ఫోటో ఎందుకురా?" అంటూనే కొంగు సర్దుకుంది. "కదలకమ్మా, నవ్వు" అన్నాను. అంతే, బిగుసుకుపోయి రేషన్ కార్డు ఫోటోలా తయారైంది. పది ఫోటోలు తీశాను, ఒక్కటీ పనికిరాలేదు. అప్పుడు బియ్యం చేట ఒడిలో పెట్టి, ఏరమని చెప్పి, నాన్నగారితో తొలి కాపురం పెట్టిన ఊరి గురించి అడిగాను. చెప్పుకుంటూ పోయింది. అద్దె ఇల్లు, బావి నీళ్లు, నెలాఖరు అప్పులు. ఒకచోట మాట ఆగింది, చేయి ఆగింది. తలెత్తి కిటికీ బయటికి చూసింది. నేను నొక్కవలసిన క్షణం అదే. పెదవులపై నవ్వు లేదు గాని ఆ ముఖంలో మా అమ్మ ఉంది.

ఆ ఫోటోను 8 అంగుళాలకు 10 అంగుళాల కాగితంపై ముద్రింపించి ఇచ్చాను. చాలాసేపు చూసి, "మీ నాన్నగారిది కూడా ఇలా తీసి ఉండవలసిందిరా" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఒక చివరి మాట. ఫోనులో దాచిన ఫోటో ఫోనుతోపాటే పోవచ్చు. మంచివి రెండు మూడు ఎంచి కాగితంపై తీయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, తేదీ, ఊరు రాయండి. యాభై ఏళ్ల తరువాత ఆ ఫోటో చేతికి వచ్చిన మునిమనుమడికి అది ఎవరో తెలియాలి కదా. రానున్న ఆదివారం ఉదయం, టిఫిన్లు ముగిశాక, మీ ఇంటి పెద్దవారిని కిటికీ దగ్గరికి పిలవండి. వారు తప్పక కాదంటారు. మీరు మాత్రం కుర్చీ వేయడం మానకండి.

వచ్చే సంచికలో ఒక్క చోట నిలవని చిన్నపిల్లలను ఫోటో తీయడం గురించి.