చేతులెత్తని సహోదరి



కిందటేడు ఒక ఆదివారం, చేతులెత్తి దేవుని స్తుతించడం గురించి వాక్యం చెప్పాము. చేతులు ఎత్తనివారి మనసు ఎక్కడో ఉందనీ, లోకమే వారి చేతులను కిందికి లాగుతోందనీ కాస్త గట్టిగానే అన్నాము. ఆ మాట అంటున్నప్పుడు మా చూపు ఒకరిద్దరి మీద నిలిచింది కూడా. వారిలో ఒకామె అంతకు ఎనిమిది నెలల ముందు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని వచ్చిన సహోదరి. ఆపరేషన్‌కు మునుపు ఆమె ముందువరుస చాప మీద కూర్చునేది. తర్వాత తలుపు దగ్గరికి మారింది. మేమది విశ్వాసంలో చల్లారిపోవడం అనుకున్నాము.

తర్వాత పాస్టరమ్మ గారు ఆమె ఇంటికి వెళ్ళి, మంచం మీద పక్కన కూర్చుని, తొందర లేకుండా మాట్లాడితే సంగతి తెలిసింది. చంకలోని బిళ్ళలు తీసేసినందున ఆ వైపు చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. ఇంకొకటి, జాకెట్టులో ఖాళీ కనబడకుండా ఆమె చిన్న తువ్వాలు మడిచి పెట్టుకుంటోంది. చెయ్యి ఎత్తితే అది పక్కకు జరిగిపోతుంది. అంతే. ఎనిమిది నెలలు మేము అడిగిందల్లా "ఎలా ఉందమ్మా" అని, ఆమె చెప్పిందల్లా "బాగానే ఉందండి అయ్యగారూ" అని.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. దయచేసి ఎవరా అని వెతకవద్దు.

ఆ రోజు నుండి ఈ జబ్బు గురించి, దీనికి వైద్యం చేసినవారి గురించి దొరికినంత చదువుతూ వచ్చాము. చదివినదాంట్లో కొంత మీతో పంచుకోవాలని ఉంది, ఎందుకంటే ఇందులో సంఘానికి చెందిన మాట ఒకటి ఉంది.

అమెరికాలో బాల్టిమోర్ పట్టణంలో హాల్‌స్టెడ్ అనే పేరుపొందిన సర్జన్ ఉండేవాడు. 1890లలో ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్మునే గాక, దాని కింద ఛాతీ కండరాలను, చంకలోని బిళ్ళలను కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలని నమ్మారు. ఆ కాలంలో ఆ స్త్రీలు చాలా ఆలస్యంగా, పెద్ద పెద్ద గడ్డలతో వచ్చేవారు గనుక ఆయన ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. కానీ ఛాతీ లోతుకు పోయి, చెయ్యి వాచి, భుజం బిగుసుకుపోయి ఎందరో స్త్రీలు మిగిలిన జీవితం గడిపారు. ఇది ఇంచుమించు 80 ఏళ్ళు సాగింది. గడ్డ ఏదో తేల్చే పరీక్ష, ఆపరేషన్ ఒకే మత్తులో చేసేవారు. మత్తు దిగి, కట్టు తడుముకుంటే గాని తనకు రొమ్ము ఉందో లేదో ఆ తల్లికి తెలియదు. 1974లో తనకే ఈ జబ్బు వచ్చిన రోజ్ కుష్నర్ అనే పత్రికా రచయిత్రి, ముందు పరీక్ష చేసి నాకు చెప్పండి, ఆ తర్వాత ఏం చేయాలో నేను నిర్ణయించుకుంటాను అని పట్టుబట్టింది. అందుకు ఒప్పుకునే సర్జన్‌ను వెదకడానికే ఆమెకు కష్టమైందట.

ఆ రోజుల్లోనే పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ ఇంత కోత నిజంగా అవసరమా అని ప్రశ్నించాడు. ప్రశ్నించి ఊరుకోలేదు, 1971లో పరీక్ష మొదలుపెట్టాడు. 1,665 మంది స్త్రీలను కొన్ని గుంపులుగా చేసి, కొందరికి పాత పెద్ద ఆపరేషన్, మిగిలినవారికి అంతకంటే చిన్నవి చేసి, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. బ్రతికినవారి లెక్కలో తేడా రాలేదు. 1976లో ఇంకో అడుగు వేశారు. రొమ్మంతా తీసేయడం ఒకవైపు, గడ్డ వరకే తీయడం మరోవైపు. ఇందులో 1,851 మంది స్త్రీలను 20 ఏళ్ళు గమనించి 2002లో ఫలితం చెప్పారు. ప్రాణం విషయంలో తేడా లేదు. అయితే గడ్డ మాత్రమే తీసి ఊరుకుంటే 100లో సుమారు 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ గడ్డ వచ్చింది. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ కూడా ఇచ్చినవారిలో అది 14కు తగ్గింది. ఈ ప్రశ్న వేసినందుకు తోటి సర్జన్ల కోపాన్ని ఫిషర్ గారు చాలాకాలం భరించారు. 101 ఏళ్ళు బ్రతికి 2019లో కన్నుమూశారు.

ఇది చదివినప్పుడు, అయితే మన సహోదరికి రొమ్ము ఎందుకు తీశారని మాకు కోపం వచ్చింది. ఆమెనే అడిగాము. ఆమె నవ్వి, డాక్టరు గారు రెండూ చెప్పారండి అంది. గడ్డ మాత్రమే తీస్తే కొన్ని వారాలు రోజూ కరెంటు పెట్టించుకోవాలి, పట్నంలో గది తీసుకోవాలి, గేదెల్ని ఎవరు చూస్తారు, చిన్నదానికి పది పరీక్షలు. అందుకని తీసేయమన్నది ఆమే. (గడ్డ ఎంత ఉంది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టి కొందరికి ఆ ఎంపిక ఉండదు కూడా. అది డాక్టరే చెప్పాలి.) ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు చూసుకుంది. గేదెల్ని చూసుకోగలిగినవాళ్ళం మనం ఉన్నాము, అరవై కుటుంబాలం. మనల్ని అడగాలని ఆమెకు తోచలేదు, అడగమని మనమూ చెప్పలేదు. రొమ్ము తీయించుకున్నందుకు ఆమె ఏడ్వడం లేదు. ఏడ్చింది దేనికంటే, ఆపరేషన్ వారంలో మేము పుల్పిట్ మీద నుండి ఆమె పేరు చెప్పి, జబ్బు చెప్పి, ప్రార్థన మనవి ప్రకటించినందుకు. మగవాళ్ళందరి ముందు చెప్పారు కదండీ అంది. మాకు ఆ ఊహే రాలేదు. ప్రేమతోనే చేశాము.

ఇక్కడే ఇంకో సర్జన్ గురించి చెప్పాలి. ఆండ్రియా ప్యూసిక్ అనే ఆమె న్యూయార్క్‌లోని క్యాన్సర్ ఆసుపత్రిలో, రొమ్ము పోయినవారికి తిరిగి ఆకారం కల్పించే ఆపరేషన్లు చేసేది. ఆపరేషన్ బాగా జరిగిందని ఎవరు చెప్పాలి? కుట్టు చూసి డాక్టరు చెప్పాలా, అద్దం ముందు నిలబడే స్త్రీ చెప్పాలా? ఆమె, ఆమె తోటివారు ముందు రోగులైన స్త్రీలతోనే కూర్చుని మాట్లాడి, వాళ్ళు చెప్పిన సంగతుల నుండి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2009లో ప్రచురించారు, పేరు బ్రెస్ట్-క్యూ. అద్దంలో చూసుకుంటే ఎలా ఉంటుంది, నలుగురిలోకి వెళ్ళడానికి ధైర్యం ఉందా, చెయ్యి ఎత్తడం కష్టంగా ఉందా, భార్యాభర్తల మధ్య సంగతి ఏమిటి, డాక్టరు వివరంగా చెప్పాడా, ఇలాంటివి. జవాబులను 0 నుండి 100 వరకు కొలుస్తారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

చెయ్యి ఎత్తడం కష్టంగా ఉందా అని ఆ ఆసుపత్రిలో కాగితం మీద అడిగారు. ఆ ప్రశ్నే అడగకుండా మేము దాని మీద ప్రసంగం చేశాము.

ప్రార్థన విలువ తగ్గిస్తున్నారా అయ్యగారూ అని మీలో కొందరు అడుగుతారు. లేదు. బర్తిమయి గుడ్డివాడని యెరికో దారిలో అందరికీ కనబడుతూనే ఉంది. అయినా నీకేం కావాలని ప్రభువు అతణ్ణి అడిగాడు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో ఉన్న స్త్రీ గుంపులో వెనకనుండి వచ్చింది, ఎందుకు వెనకనుండి వచ్చిందో స్త్రీలకు తెలుసు. ఆమె తన సంగతంతా చెప్పుకునేదాకా ఆయన ఆగాడు. అవతల యాయీరు కూతురు చావుబ్రతుకుల్లో ఉన్నా ఆగాడు. మనకైతే "ఎలా ఉందమ్మా" అన్న తర్వాత నిలబడే ఓపిక లేదు. పక్కింటి కూటానికి టైమవుతుంది.

ఏ పాపం చేసిందో అని మన స్త్రీల మధ్య గుసగుసగా నడిచే మాట ఒకటి ఉంది. పుట్టు గుడ్డివాని విషయంలో శిష్యులు ఇదే అడిగి, ప్రభువు చేత కాదనిపించుకున్నారు. ఆ అధ్యాయం మనకు కంఠతా వచ్చు. అయినా గుసగుస ఆగలేదు, అత్తగారి నోటనే ఎక్కువ వింటున్నాము. మైకు ఇచ్చేది కూడా బాగైనవారికే. బాగుకాక, సగం బాగై, మళ్ళీ వస్తుందేమోనని రాత్రిళ్ళు నిద్రపట్టనివారికి మన సాక్ష్యాల సమయంలో చోటు లేదు. గడ్డ వరకే తీసినా, అంతా తీసినా ఆ భయం మాత్రం ఇద్దరికీ ఒకటే.

రొమ్ము అన్న మాట పలకడానికే మాకు సిగ్గు. ఇన్నాళ్ళూ "ఆడవారి జబ్బు" అని దాటేశాము. యెషయా గ్రంథంలో దేవుడు తన జాలిని పాలిచ్చే తల్లి జాలితో పోల్చి చెప్పుకున్నాడు. ఆయనకు లేని సిగ్గు మాకెందుకో తెలియదు. మేము సిగ్గుపడి మాట దాటేసినందువల్లే, గడ్డ తగిలినా ఎవరికీ చెప్పుకోలేక ఆరేసి నెలలు దాచుకునేవాళ్ళు ఉన్నారు. నొప్పి లేదు కదా అనుకుంటారు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

ఇకమీదట ఎవరి జబ్బూ వారి నోటి మాట లేకుండా పుల్పిట్ మీద ప్రకటించము. వచ్చే నెల మొదటి బుధవారం స్త్రీల కూటానికి మన ఊరి ఏఎన్ఎమ్ గారు వస్తారు, గడ్డ ఎలా గుర్తుపట్టాలో చెప్తారు. ఆ సాయంత్రం మగవారు ఇంట్లో వంట చూసుకోండి. ఎవరికైనా ఆసుపత్రిలో ఉండాల్సివస్తే గేదెలకు, పిల్లలకు వంతులవారీగా ఉండటానికి పదకొండు కుటుంబాలు ఇప్పటికే పేర్లిచ్చాయి.

తువ్వాలు సంగతి కూడా కుదిరింది. కుట్టుమిషను ఉన్న ముగ్గురు సహోదరీలు, ఆమెనే దగ్గర కూర్చోబెట్టుకుని, మెత్తని నూలుగుడ్డలో దూది, బరువు కోసం కొంచెం ఆవాలు పోసి కుట్టారు. జాకెట్టు లోపల జేబు పెట్టారు, జరగదు. మరో నాలుగు కుట్టి ఉంచారు. ఎవరికి కావాలన్నా పాస్టరమ్మ గారికి ఫోన్ చేయండి. ఎవరికోసమో చెప్పనక్కరలేదు, జాకెట్టు కొలత చెప్తే చాలు.