పేరు తెలియని శలభములు

రాత్రివేళ దీపముచుట్టును మూఁగు రెక్కల పురుగులను శలభములందుము. తెల్లవాఱఁగనే చీపురుతో నూడ్చివేయుదుము. లోకమున సీతాకోకచిలుకలు సుమారు 18,000 జాతులు మాత్రమే కాఁగా, శలభములు సుమారు 1,60,000 జాతులు గలవు. మన దేశపు శలభములను సర్ జార్జి హాంప్సను 1892 మొదలు 1896 వఱకు నాలుగు సంపుటములుగా వర్ణించెను. అయినను ఆ పని నేఁటికిని ముగియలేదు.

శాస్త్రజ్ఞులు కొలఁదిమంది, పురుగులు కోట్లకొలఁది. కావున జీతము గోరని సామాన్యులే ఈ కార్యమునకుఁ బూనుకొనిరి. 2012 మొదలు ఏటేట జూలై మాసాంతమున అనేక దేశములలో శలభవారము జరుగుచున్నది. తెల్లని దుప్పటి కట్టి, దీపము వెలిగించి, వాలిన పురుగుల ఛాయాచిత్రములు దీసి, 2008లో నేర్పడిన ఐనాచురలిస్టు వంటి తావులకుఁ బంపుదురు. బ్రిటను, ఐర్లండు దేశముల పెద్ద శలభముల పటసంపుటము 2019లో వెలువడినది. దానికాధారమైన రెండున్నర కోట్లకుఁ బైఁబడిన నమోదులలో మిక్కిలిభాగము ఇట్టివారు గూర్చినదే.

“చదువని పిల్లలు పేళ్లు తప్పుగాఁ జెప్పరా?” యని కొందఱడుగుదురు. ఆ దేశమున ‘గ్రే డాగరు’, ‘డార్కు డాగరు’ అను రెండు శలభములు గలవు. రెక్కలను జూచి వీనిని వేఱుపఱుపఁజాలము. ఉదరాంతమందలి యవయవములను సూక్ష్మదర్శినితోఁ బరీక్షింపవలెను. గొంగళిపురుగు దశలోనైతే వీపుమీఁది బుడిపె యొకదానికిఁ బొడవు, రెండవదానికిఁ బొట్టి. అందుచే నెఱిఁగినవారు ఎదిగిన శలభమును రెంటిలో నొకటియని మాత్రమే వ్రాసి విడుతురు. తెలిసినంతవఱకే చెప్పి ఆఁగుట ఈ విద్యకుఁ బ్రాణమని మా యభిప్రాయము.

ఇది వట్టి వినోదము గాదు. అమెరికా ఖండమునుండి వచ్చిన కత్తెర పురుగు 2018లో కర్ణాటకమునఁ గానవచ్చి, ఆ యేఁడే మన మొక్కజొన్న చేలలోఁ బ్రవేశించెను. దాని గొంగళి, చిరపరిచితమైన పొగాకు లద్దెపురుగునకు దగ్గఱి చుట్టము. తలపైఁ దలక్రిందులైన ‘వై’ అక్షరమును, తోఁకదగ్గఱఁ జదరముగా నున్న నాలుగు చుక్కలును జూచినవాఁడే దానిని గుర్తింపఁగలఁడు. పేరు తప్పినచో రైతు చేయు నుపాయమును దప్పవచ్చును.

విద్యార్థులారా, దినమును, గంటను, స్థలమును దప్పక వ్రాయుఁడు. పురుగును పైనుండియుఁ బ్రక్కనుండియుఁ జిత్రింపుఁడు. గొంగళియైనచో నది తిను మొక్కను సయితము పేర్కొనుఁడు. గుర్తులు కనఁబడనిచో ఊహించి పేరు పెట్టకుఁడు. తలిదండ్రులారా, నెలకొక రాత్రి పెరటిలో గంటసేపు దీపము వెలుఁగనిండు. ఉపాధ్యాయులమగు మేమును ఒక్కటి చేయవలసియున్నది: మన పరీక్షలలో ఖాళీ విడిచినవానికి సున్న, ఊహించి వ్రాసినవానికి ఒక్కొకప్పుడు మార్కు లభించుచున్నవి. “ఈ కారణముచేత నిర్ణయింపఁజాలను” అని వ్రాసిన పిల్లవానికిఁ బూర్తి మార్కులిచ్చు నభ్యాసము, ఈ శలభముల పాఠముతోనైనను, మన పాఠశాలలో నారంభము కావలెను.