సహోదరీ అని పిలిచే ముందు

జూలై వచ్చిందంటే మన సంఘాల్లో ప్రార్థన మనవుల పట్టీ మారిపోతుంది. మోకాళ్ల నొప్పులు, పెళ్లి సంబంధాలు కాస్త వెనక్కి జరిగి కాలేజీ సీట్లు ముందుకొస్తాయి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు నుంచి ఆడపిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. కొందరు నర్సింగ్‌కు, కొందరు ఇంజనీరింగ్‌కు, కొందరు డిగ్రీకి. అమ్మ పచ్చడి సీసాలు సర్దుతుంది. పాస్టరు గారు తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనలో చెడు స్నేహాల నుంచి కాపాడమనే మాట తప్పకుండా ఉంటుంది.

చెడు స్నేహం అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేవి సినిమాలు, సిగరెట్లు, అబ్బాయిలు. కొత్తగా వచ్చిన పిల్లను ఏ గుంపు చేర్చుకుంటుంది, ఏం చూసి చేర్చుకుంటుంది, చేర్చుకున్నందుకు ఆమెను ఏం అడుగుతుంది అన్న ప్రశ్నలు మన ప్రార్థనల్లోకి ఇంకా రాలేదు. ఈ నెల మేము వాటి గురించే రాస్తున్నాం.

అమెరికాలో చదివే మన బంధువుల పిల్లలను అడిగితే 'సొరారిటీ' అనే మాట చెబుతారు. లాటిన్‌లో 'సొరోర్' అంటే అక్కచెల్లెలు. జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే ఊరి వెస్లియన్ కాలేజీలో 1851లో మొదలైన విద్యార్థినుల సంఘాన్ని వీటికి ఆద్యంగా చెబుతారు. గ్రీకు అక్షరాల పేర్లు, సొంత ఇళ్లు, చందాలు, రహస్య ఆచారాలు తరువాత వచ్చి చేరాయి. కొత్త విద్యార్థిని తనకు ఇష్టమైనంత మాత్రాన వాటిలో చేరలేదు. పాత సభ్యులు ఆమెను చూసి, మాట్లాడించి, తూచి, ఎంచుకోవాలి. చాలాకాలం ఆ ఎంపికలో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. అందుకే 1908లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించుకున్నారు. కమలా హారిస్ అందులోనే సభ్యురాలు. అదే హోవార్డ్‌లో 1913 జనవరిలో 22 మంది విద్యార్థినులు డెల్టా సిగ్మా తీటా పెట్టుకుని, రెండు నెలలైనా తిరగకుండానే, మార్చి 3న స్త్రీల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు అందరికంటే వెనక నడవాలని నిర్వాహకుల్లో కొందరు పట్టుబట్టిన ఊరేగింపు అది. మరి శ్వేతజాతి సొరారిటీల సంగతి? అలబామా విశ్వవిద్యాలయంలో 2013లో విద్యార్థుల పత్రికే బయటపెట్టేదాకా, అర్హతలన్నీ ఉన్న నల్లజాతి అమ్మాయిలను పక్కన పెట్టడం మామూలుగానే సాగిపోయింది. అక్కచెల్లెళ్ల సంఘమని పేరు పెట్టుకున్న ఇంటి గుమ్మం దగ్గరే రంగు చూసే కాపలా ఉందన్నమాట.

బెంగళూరులో గ్రీకు అక్షరాల ఇళ్లు లేవు. మారతహళ్లిలోనో యలహంకలోనో ఒక పీజీ ఉంటుంది, గదికి ముగ్గురు. తెలుగమ్మాయిల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటుంది. కన్నడం రాని పిల్లకు, హిందీ అంతంతమాత్రంగా వచ్చిన పిల్లకు ఆ గ్రూపే ఊపిరి. ఏ బస్సెక్కాలో, ఏ మెస్సులో పప్పు తినగలమో, ఏ లెక్చరరు అటెండెన్స్ దగ్గర కఠినమో చెప్పేది సీనియర్ అక్కలే. ఇందులో తప్పేమీ లేదు. పరాయి ఊళ్లో మన మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది కదా.

అయితే మొదటి వారంలోనే ప్రశ్నలు మొదలవుతాయి. ఏ ఊరు? ఇంటిపేరేంటి? సీటు ఏ కోటాలో వచ్చింది? చర్చికి వెళ్తావా, ఏ చర్చి? 'మీరేంటోళ్లు?' అని సూటిగా అడగడం మోటు అనుకునేవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలతో అదే జవాబు రాబట్టుకుంటారు. మేరీ అనో ఎస్తేరు అనో పేరు వినగానే కొందరికి ఆ నాలుగూ అక్కర్లేదు. ఆ తర్వాత ఎవరూ కొట్టరు, తిట్టరు. ఆదివారం సినిమాకు వెళ్లేటప్పుడు ఆమెకు చెప్పడం మరచిపోతారు. ఆమె తెచ్చిన పచ్చడి సీసా మూత ఎవరూ తీయరు. ఆమె లేని కొత్త గ్రూపు ఒకటి పుడుతుంది. ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పుకోవాలి? 'నన్ను ఎవరూ ఏమీ అనలేదమ్మా' అనే చెప్పాలి. అది నిజం కూడా.

ర్యాగింగ్ అంటే మన మనసులో మెదిలేవి గుండు గీయించడం, అర్ధరాత్రి డాన్సులు చేయించడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో హిమాచల్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయిన తర్వాత యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అవి ఉండగానే, 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం అమ్మాయి ప్రాణం తీసుకుంది. అయితే మన పిల్లలకూ, వారి పాస్టర్లకూ ఎక్కువగా తెలియని సంగతి మరొకటి ఉంది. 2016 జూన్‌లో యూజీసీ ర్యాగింగ్ నిర్వచనాన్ని విస్తరించింది. రంగు, మతం, కులం, లింగం, పుట్టిన ప్రాంతం, భాష, రూపం, ఆర్థిక స్థితి వంటి కారణాలతో తోటి విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసిస్తే అది ర్యాగింగే. బెదిరించడంతో పాటు వెలివేయడాన్ని కూడా ఆ నిబంధన పేరు పెట్టి చెప్పింది. బాధితురాలు కొత్త విద్యార్థినే కానక్కర్లేదు.

అదే 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాడు. హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. ఊరి చివర తాతలు బతికిన వాడ పేరు విశ్వవిద్యాలయం నడిమధ్యకు వచ్చింది. మన సంఘాల్లో సగం ఆ వాడల్లోనే పుట్టాయి. ఆ పేరు విని తలదించుకుని పాట అందుకునే అలవాటు మనకు ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లల విషయంలో 2016 నాటి ఆ సవరణకు ఇంకో విలువ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఉన్నది 1 శాతం. బెంగళూరులో సీటుకు ఆ కాగితం కూడా పనికిరాదు. మతం మారినవారు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ప్రభుత్వానికి కనబడని కులం పీజీ గదిలో మాత్రం స్పష్టంగా కనబడుతుంది. ర్యాగింగ్ నిబంధన అలా కాదు. కుల ధ్రువపత్రం చూపించమని అది ఎవరినీ అడగదు. ఏ కారణంతో బాధపెట్టారన్నదే దానికి ముఖ్యం. అది క్యాంపస్ వెలుపలి వసతికీ, ప్రయాణానికీ కూడా వర్తిస్తుంది. 1800-180-5522 అనే నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. పేరు చెప్పకుండానైనా ఫిర్యాదు చేయవచ్చు. యూత్ మీటింగులో వాగ్దాన వచనం కార్డులు పంచుతాం కదా, వాటి వెనక ఈ నంబరు అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మన సొంత ఇంటికి వద్దాం. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ మన దేశంలో 1912లో మొదలైంది, దాని కేంద్రం ఈ బెంగళూరులోనే ఉంది. వైడబ్ల్యూసీఏ అంతకంటే పాతది. ఊరు విడిచి చదువుకో, ఉద్యోగానికో వచ్చిన అమ్మాయికి ఒక చోటు కావాలని మన ముందుతరం వాళ్లు గుర్తించారు. నేడు ప్రతి కాలేజీ చుట్టూ ఏదో ఒక ప్రార్థన సహవాసం ఉంది. కొత్త అమ్మాయి వచ్చిన మొదటి ఆదివారం ఎంత ఆప్యాయత! బిర్యానీ, పాటలు, 'సిస్టర్, మళ్లీ రావాలి' అనే పిలుపులు. నిజంగానే ఎందరో పిల్లలను ఆ ఆదివారాలు నిలబెట్టాయి. మాకు తెలుసు.

రెండో నెల నుంచి ఏం జరుగుతోందో కూడా మేము వింటున్నాం. పెద్ద సిస్టర్ ఒకరు ఆమె చెవి పోగులు, బట్టలు, ఫోన్‌లో ఫోటోలు పరిశీలిస్తారు. ఆత్మీయ క్రమశిక్షణ పేరుతో ఆమె గుండెల్లోని గాయాన్ని అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమంటారు. వద్దంటే 'లోకంలో పడిపోయింది' అనే ముద్ర. హాస్టల్ సీనియర్ చేస్తే ర్యాగింగ్ అనే పనిని ప్రార్థన గదిలో శిష్యరికం అని పిలుస్తున్నామా? కులం ప్రశ్న ఇక్కడా ఆగలేదు. బెంగళూరు తెలుగు సంఘాల్లో ఫలానా జిల్లా వాళ్లది, ఫలానా వాళ్లది అని అందరికీ తెలిసిన గుర్తులు లేవా? వేదిక మీద సహోదరి, పెళ్లి మాట వస్తే మాత్రం ఇంటిపేరు.

కులాల పేరిట వెలసిన వసతి గృహాల మేలు మేము కాదనం. 1918లో హైదరాబాదులో మొదలైన రెడ్డి హాస్టల్ ఎందరో పల్లెటూరి పిల్లలను చదివించింది. బెంగళూరులోనూ ఆయా సముదాయాల సంఘాలు ఆ పనే చేశాయి. 'మనవాళ్లు' అనే మాట అప్పుడు చాలామందికి అన్నం పెట్టింది. ఆ మాట అవతల నిలబడినవారికి మాత్రం పెట్టలేదు. క్రీస్తు పేరిట కూడే గుంపు మరో కుల హాస్టల్‌లా మిగిలిపోవాలంటే మాత్రం మేము ఒప్పుకోం.

రూతు గ్రంథం రెండో అధ్యాయం మన యువతకు కొత్తేమీ కాదు. దాన్ని పెళ్లి కథగానే చెప్పుకుంటాం గనుక అసలు సంగతి జారిపోతుంది. బేత్లెహేము పొలానికి కొత్తగా వచ్చిన ఆ పిల్ల ఎవరని బోయజు అడిగితే, కోతవారి మీద అధికారి ఆమె పేరు చెప్పడు. మోయాబు పిల్ల అంటాడు. బోయజు మాత్రం ముందుగా తన పనివాళ్లను కట్టడి చేస్తాడు: ఆమెను ముట్టవద్దు, అవమానపరచవద్దు, గద్దించవద్దు. దాహమైతే పనివాళ్లు తోడిన నీళ్లే తాగమంటాడు. భోజన వేళ పక్కన కూర్చోబెట్టుకుంటాడు. పనల్లోంచి కొన్ని కావాలనే జారవిడవమంటాడు, అడుక్కోకుండా ఏరుకోవడానికి. ఎలా ఉండాలో రూతుకు నేర్పడానికంటే ముందు, ఎలా ఉండకూడదో తనవాళ్లకు చెప్పాడు. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. బెంగళూరు వెళ్లే ఆడపిల్లకు గంటసేపు బుద్ధులు చెబుతాం. అక్కడి మన సహవాసాల సీనియర్లకు ఒక్క మాటా చెప్పం.

అందుకే ఈ ఏడాది కొత్త పిల్లల కంటే పాత విద్యార్థులకే మేము ఈ మాటలు రాస్తున్నాం. మీ సహవాసంలో చేరినవారిని ఇంటిపేరు అడగకండి, కోటా అడగకండి. సాక్ష్యం చెప్పాలో వద్దో ఆమె ఇష్టానికి వదిలేయండి. ఆమె మరో సహవాసానికి వెళ్లినా, ఏ సహవాసానికీ వెళ్లకపోయినా, జ్వరం వస్తే గంజి కాచి తీసుకెళ్లండి. పీజీలో ఎవరైనా ఒంటరిగా తింటూ కనబడితే, ఆమె ఏ మతమైనా సరే, మీ పళ్లెం అక్కడికి జరపండి. ఫిర్యాదు చేయాలంటే స్టేషన్‌కో ప్రిన్సిపాల్ దగ్గరకో ఆమెతో పాటు నడవండి. ఫిర్యాదు నిజమని తేలితే 24 గంటల్లో పోలీసు కేసు పెట్టించాల్సిన బాధ్యత కాలేజీదే. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు గుర్తుచేయడానికి పక్కన ఒక మనిషి ఉంటే ధైర్యంగా ఉంటుంది.

పాస్టరు గార్లకు ఒక మనవి. మీ ఊరి నుంచి బెంగళూరు వెళ్లిన పిల్లకు నెలలో ఒకసారి ఫోన్ చేసినప్పుడు 'చర్చికి వెళ్తున్నావా?' అన్న ప్రశ్నకు ముందు, 'ఎవరితో కలిసి అన్నం తింటున్నావమ్మా?' అని అడగండి.