రెండు వారాలు దాటిన దగ్గును దాచకండి



మొన్న మన గ్రూపులో దగ్గు మీద ఒకే రోజు పదకొండు ఫార్వర్డులు వచ్చాయి. తమలపాకు రసం, ఉల్లిపాయ తేనె, పసుపు పాలు, చివరికి ఒక సిరప్పు సీసా ఫోటో. "కఫం పరీక్ష చేయించుకోండి" అన్నవారు ఒక్కరూ లేరు. అందుకే ఈ పొడుగు రాత. మా చదువు తమిళ మీడియం. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర, తర్వాత రైల్వే క్వార్టర్లలో నేర్చుకున్నాం. రాతలో తప్పులుంటే మన్నించండి, విషయంలో తప్పుంటే నిలదీయండి.

తమిళంలో కఫాన్ని సళి అంటారు. మన తెలుగులో చలి వేరు. కోరాపుట్‌లో మాత్రం రెండూ కలిసే వస్తాయి. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న ఊరు, పుష్యమాసంలో పొద్దున్నే మంచు, మూసిన తలుపులు, లోపల కట్టెల పొయ్యి పొగ. దగ్గు రాకుండా ఎలా ఉంటుంది?

ఇంటి వైద్యాన్ని మేము వెక్కిరించం. మిరియాల చారు, శొంఠి కాఫీ తాగే పెరిగాం. అడ్డసరం ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం మందు తయారైంది. వేడి నీళ్ళు తాగితే గొంతుకు హాయి. పెద్దవాళ్ళకు, ఏడాది దాటిన పిల్లలకు చెంచా తేనె మంచిదే. కఫం అడుగున పట్టేసినప్పుడు గట్టిగా దగ్గి ఒళ్ళు హూనం చేసుకునే బదులు, నిండుగా గాలి పీల్చి, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని ఊదితే పైకి వస్తుంది. ఇవన్నీ చేయండి. మామూలు జలుబు తర్వాత దగ్గు మూడు వారాల దాకా ఉండడం కూడా సహజమే.

మా పోరు ఇంటి వైద్యంతో కాదు, మూడు చెడ్డ అలవాట్లతో.

మొదటిది, మందుల షాపునే డాక్టరు చేసుకోవడం. కఫం పచ్చగా వస్తే యాంటీబయాటిక్ వేసుకోవాలనుకుంటాం. ఆ రంగు మన తెల్ల రక్తకణాల వల్ల కూడా వస్తుంది, వైరస్ జలుబులోనూ వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. పైగా కొన్ని రకాలు టీబీని కొన్నాళ్ళు అణచిపెట్టి, పట్టుబడకుండా చేస్తాయి. సిరప్పుల సంగతి సరేసరి. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్పు తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఛింద్వాడా సిరప్పు తయారైంది కాంచీపురం జిల్లాలో. మేము చదువుకున్న రాష్ట్రమది. తలచుకుంటే సిగ్గుగా ఉంది.

రెండోది, కారణం వెతకకపోవడం. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రల వల్ల కొందరికి పొడి దగ్గు పట్టుకుని వదలదు. మన రిటైర్డు వాళ్ళలో బీపీ లేనివారెవరు? మాత్ర మీరే మానేయకండి, డాక్టరుకు చెబితే మారుస్తారు. చుట్ట, బీడీ సంగతి వేరే చెప్పాలా? శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మన ముసలమ్మలు కొందరు ఇంకా అడ్డపొగ తాగుతున్నారు.

మూడోది అన్నిటికన్నా చెడ్డది, దాచడం. రాయగడలో మన సభ్యుడొకాయన నాలుగు నెలలు దగ్గాడు. కార్తీక వనభోజనాలకు వచ్చినప్పుడు చొక్కా వేలాడుతోంది. "ఆస్తమా" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆస్తమాకు సాయంత్రం జ్వరం రాదని, మనిషి అంతలా చిక్కిపోడని మాకు తెలుసు. అయినా అడగలేదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, మనకెందుకని ఊరుకున్నాం. చివరికి టీబీ అని తేలింది. అప్పటికి ఆ ఇంట్లో నాలుగేళ్ళ మనవడికీ అంటుకుంది. ఇద్దరూ మందులు వాడి బాగయ్యారు. కానీ ఆ పసివాడు మింగిన మాత్రల్లో మన మౌనం వాటా ఉంది. మా వాటా కూడా.

"గ్రూపులో టీబీ మాట ఎత్తితే పెళ్ళిళ్ళు చెడతాయి" అని ఒక పెద్దాయన ఫోన్ చేసి కోప్పడ్డారు. అయ్యా, టీబీ క్రిమిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి ప్రకటించాడు. అది కులం చూడదు, జాతకం చూడదు, గాలిలో వస్తుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మామూలు టీబీ ఆరు నెలల మందులతో నయమవుతుంది. పెళ్ళి చెడగొట్టేది జబ్బు కాదు, దాచిన జబ్బు.

"మూడు వారాల దగ్గు సహజమని మీరే అన్నారు, రెండు వారాలకే పరీక్ష ఎందుకు?" అంటారేమో. రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలన్నది మన జాతీయ టీబీ కార్యక్రమం పెట్టిన నియమం. టీబీ ఇంత ఎక్కువున్న దేశంలో అదే న్యాయం. జబ్బు లేదని తేలితే పోయిందేమీ లేదు. ఉండి చూడకపోతే ఇల్లంతా పోతుంది. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. చికిత్సలో ఉన్నన్నాళ్ళు పోషకాహారానికని నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపిస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: డబ్బాలో వేయాల్సింది ఉమ్మి కాదు, పొద్దున్నే లోపలి నుంచి దగ్గి తీసిన కఫం. కఫంలో రక్తం కనిపించినా, ఆయాసం వచ్చినా రెండు వారాలు ఆగనే కూడదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము మూడు తీర్మానాలు పెడతాం. గ్రూపులో సిరప్పుల పేర్లు, ఫోటోలు నిషేధం. రెండు వారాలు దాటి దగ్గేవారికి ఆసుపత్రి దాకా సంఘం నుంచి ఒక తోడు. టీబీ వచ్చిన ఇంటిని ఏ వేడుకకూ పిలవకుండా ఉండరాదు. మందులు మొదలుపెట్టిన మనిషి డాక్టరు సరేనన్నాక మన పంక్తిలోనే కూర్చుంటాడు. ఇష్టం లేనివారు లేచి నిలబడి, పేరు చెప్పి, కాదనండి. మినిట్స్ పుస్తకంలో రాయడానికి ఈ పాత గుమాస్తా పెన్నుతో వస్తాడు.