పైన వదిలేసిన బ్యాటరీలు

2010 జూలై 7న ఇన్సాట్-4బి ఉపగ్రహంలో విద్యుత్తు లోపం తలెత్తి సగం ట్రాన్స్‌పాండర్లను ఆపేయాల్సి వచ్చింది. సన్ డైరెక్ట్ ప్రసారాలు దెబ్బతిన్నాయి. చిలమత్తూరు వంటి మండలాల్లో మిద్దెల మీది డిష్‌లు ఎంత సన్నని ఆధారంపై బతుకుతున్నాయో ఆ ఉదంతం చెప్పింది. అది సౌరఫలకం లోపం. బ్యాటరీ లోపమైతే నష్టం ప్రసారాలతో ఆగదు.

భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలోనే ఉంటుంది. ఉగాది వేళ ఒకసారి, దసరాకు ముందు మరోసారి, దాదాపు 45 రోజుల చొప్పున రోజూ భూమి నీడలోకి వెళ్తుంది, గరిష్ఠంగా 72 నిమిషాలు. అంతసేపూ బ్యాటరీయే దిక్కు. నికెల్-కాడ్మియం పోయి నికెల్-హైడ్రోజన్, ఆ తర్వాత లిథియం-అయాన్ వచ్చాయి. బరువు తగ్గింది. అతిగా ఛార్జయితే సెల్లు పగిలే ముప్పు మాత్రం పోలేదు.

2019 డిసెంబరులో అమెరికా ప్రసార ఉపగ్రహం స్పేస్‌వే-1 బ్యాటరీ వేడికి బాగుచేయలేనంతగా పాడైంది. మళ్లీ ఛార్జ్ చేస్తే సెల్లు పగలవన్న భరోసా లేదని తయారీదారు బోయింగ్ చెప్పింది. పాడైన సెల్లను విడదీసే ఏర్పాటే అందులో లేదు! ఫిబ్రవరి చివర నీడ రోజులు మొదలయ్యేలోపే, ఇంధనం పూర్తిగా ఖాళీ చేసే వ్యవధి కూడా లేకుండా, దాన్ని పై కక్ష్యకు తరలించాల్సి వచ్చింది. కింది కక్ష్యలోని డీఎంఎస్‌పీ-ఎఫ్13 ఉపగ్రహానికి ఆ అదృష్టం లేకపోయింది. 2015 ఫిబ్రవరిలో బ్యాటరీ లోపంతోనే అది ముక్కలైంది.

భూస్థిర కక్ష్యలో శకలాలను కిందికి లాగే గాలి ఉండదు. పగిలిన ముక్క అక్కడే తిరుగుతుంది. వాన కబురు చెప్పే ఇన్సాట్-3డీఎస్ తిరిగేదీ ఆ కక్ష్యలోనే. వాన మీదే ఆధారపడి వేరుశనగ విత్తే అనంత రైతుకు ఇది దూరపు సంగతి కాదు.

ఇస్రో 2022 జనవరిలో ఇన్సాట్-4బిని పద్ధతిగా పై కక్ష్యకు పంపి విరమింపజేసింది. 2030 నాటికి శకలాలు మిగల్చని ప్రయోగాలే చేస్తామని ప్రకటించింది. సంతోషం. అయితే ఇప్పుడు ప్రైవేటు సంస్థలూ వస్తున్నాయి. 2023లో అంతరిక్ష విధానం వచ్చినా, చట్టం రాలేదు.

విరమించాక బ్యాటరీ మళ్లీ ఛార్జ్ కాకుండా సౌరఫలకం నుంచి దాన్ని శాశ్వతంగా తెంచే స్విచ్ పెడితే, అది పొరపాటున పనిచేసి మంచి ఉపగ్రహాన్నే చంపుతుందన్న ఇంజినీర్ల భయం నిజమైనదే. రెండంచెల ఆదేశంతో ఆ భయాన్ని తగ్గించవచ్చు. అలాంటి ఏర్పాటు లేని ఉపగ్రహానికి అనుమతులిచ్చే సంస్థ ఇన్‌స్పేస్ పచ్చజెండా ఊపకూడదు. విరమించిన ప్రతి ఉపగ్రహం బ్యాటరీని ఏ రోజు ఖాళీ చేశారో ప్రజలకు ప్రకటించాలి.