బేరింగ్ మారిస్తే లీకు ఆగుతుందా?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. ‘జెట్ బోటు నడుస్తోంది. లోపల డ్రైవ్ షాఫ్ట్ బేరింగ్ దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఏం చేస్తారు?’

‘బేరింగ్ మారుస్తాను సర్’ అనే జవాబు మన నాలుక చివరే ఉంటుంది. చివరికి బేరింగ్ మార్చాల్సి రావచ్చు కూడా. అయినా ఆ జవాబుతో ఉద్యోగం రాదని నా అభిప్రాయం. ఎందుకంటే నీళ్లను ఆపడం బేరింగ్ పని కాదు. దాని పని షాఫ్టును మోయడం, తిరగనివ్వడం. నీళ్లను ఆపేది దాని పక్కనే ఉండే సీల్. సీల్ పాడైతే నీళ్లొచ్చి బేరింగ్‌ను తినేస్తాయి. బేరింగ్ అరిగితే షాఫ్ట్ ఊగి సీల్‌ను తినేస్తుంది. మరి ఏది ముందు పాడైంది? అడిగినవాళ్లకు కావాల్సింది ఇదే. కోర్ ఉద్యోగమే కావాలని పట్టుదలగా ఉన్న మెకానికల్ విద్యార్థులు ఈ ఒక్క ప్రశ్న మీద ఓ సాయంత్రం కూర్చోండి. నాలుగు సర్టిఫికెట్ల కన్నా ఎక్కువే నేర్పుతుంది.

ముందు బోటు సంగతి. జెట్ బోటుకు బయట ప్రొపెల్లర్ ఉండదు. అడుగున ఉన్న ద్వారం గుండా నీళ్లు లోపలికి వస్తాయి, ఇంపెల్లర్ వాటిని నెడుతుంది, వెనక నాజిల్ నుంచి వేగంగా చిమ్ముతాయి. ఆ ప్రతిచర్యతో బోటు ముందుకు పోతుంది. న్యూటన్ మూడో నియమం, అంతే. దీన్ని నిజంగా పనికొచ్చేలా చేసినాయన న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్. ఆయనేమీ ఇంజినీరింగ్ కాలేజీ సరుకు కాదు. గొర్రెల పెంపకం చేసుకునే రైతు, సొంత వర్క్‌షాప్‌లో యంత్రాలు చేసుకునే మనిషి. వాళ్ల ప్రాంతంలో నదులు లోతు తక్కువ, అడుగంతా గులకరాళ్లు. ప్రొపెల్లర్ పెడితే విరిగిపోతుంది. 1950ల్లో ఆయన చేసిన తొలి బోటు నీళ్లను అడుగు కిందికి చిమ్మేది, వేగం అంతగా రాలేదు. నాజిల్‌ను నీటిమట్టానికి పైకి తెచ్చి వెనక్కి చిమ్మించాక బోటు ఎగిరినట్టు పోయింది. 1960లో ఆ బోట్లు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కాయి.

‘మనకెందుకు ఈ గోల’ అనుకోకండి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం జెట్ బోట్లలోనే బంగాళాఖాతం నుంచి గంగానదికి ఎదురెక్కి హిమాలయాల దాకా వెళ్లింది. మన నౌకాదళంలోని కార్ నికోబార్ తరగతి నౌకలు వాటర్‌జెట్లతో నడుస్తాయి, వాటిని కట్టింది కోల్‌కతాలో. బీచ్‌లో మీరు డబ్బులిచ్చి ఎక్కే వాటర్ స్కూటర్ కింద ఉన్నదీ ఇలాంటి పంపే.

ఇప్పుడు లీకు దగ్గరికి వద్దాం. ఇంజిన్ బోటు లోపల ఉంటుంది, ఇంపెల్లర్ నీళ్లలో ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్ట్ ఎక్కడో ఒకచోట గోడ దాటాలి. తిరిగే షాఫ్ట్ గోడ దాటే ఆ చోటులోనే మొత్తం కథ ఉంది. నీళ్ల వైపు సీల్, బోటు వైపు బేరింగ్, చాలా డిజైన్లలో ఆ రెంటి మధ్య చిన్న ఖాళీ, ఆ ఖాళీకి కిందివైపు ఓ చిన్న రంధ్రం. సీల్ కొంచెం పాడైనా నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా ఆ రంధ్రంలోంచి చుక్కలుగా బయటికి పడతాయి. అంటే కనిపించే చుక్క మీకు వచ్చిన ముందస్తు హెచ్చరిక. దాన్ని అర్థం చేసుకోకుండా రంధ్రానికి ఎమ్‌సీల్ పెట్టేసే మహానుభావులు ఉంటారు. లీకు ఆగిపోతుంది, నిజమే. నీళ్లన్నీ బుద్ధిగా బేరింగ్‌లోకి వెళ్తాయి!

కాబట్టి పానా పట్టుకునే ముందు గుడ్డ పట్టుకోండి. చుట్టూ తుడిచి, పొడి టిష్యూ చుట్టి, తడి మొదట ఎక్కడ కనిపిస్తుందో చూడండి. చాలా జెట్ బోట్లలో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లనూ జెట్ యూనిట్ నుంచే తీసుకుంటారు. ఆ గొట్టం క్లిప్పు వదులైతే నీళ్లు జారివచ్చి సరిగ్గా బేరింగ్ దగ్గరే కారతాయి. అప్పుడు సీలూ, బేరింగూ రెండూ నిర్దోషులు. ఆ తర్వాత అడగాల్సింది: బోటు కట్టేసి ఉన్నప్పుడూ కారుతోందా, నడిచేటప్పుడే కారుతోందా? కదలకుండా ఉన్నా కారితే ఓ-రింగ్, గాస్కెట్, పగులు లాంటి కదలని భాగాల మీదా, సీల్ ముఖాలు సరిగ్గా ఆనడం లేదేమో అన్నదాని మీదా అనుమానం. తిరిగేటప్పుడే కారితే షాఫ్ట్ ఊగుతోందేమో చూడాలి. బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి పెడితే (ఇంజిన్ ఆపాకే సుమా) వేడి తెలుస్తుంది. ఈ పరిశీలనకు పైసా ఖర్చులేదు. ఇంటర్వ్యూలో మీరు చెప్పాల్సిన సగం జవాబు ఇదే.

విప్పే పని బోటును నీళ్లలోంచి బయటికి తీశాకే. నదికీ బోటుకీ మధ్య అడ్డం ఆ సీలే అయినప్పుడు దాన్ని నీళ్లలో ఉంచి తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్యాటరీ తీగ తీసేయాలి. కప్లింగ్ విప్పేముందు రెండు ముక్కల మీదా పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ అదే స్థితిలో కలపాలి కాబట్టి. ఇక బయటికి వచ్చిన బేరింగ్‌ను చెత్తబుట్టలో వేయకండి. అది మీకో ఉత్తరం రాసింది, చదవండి. గోధుమరంగు తుప్పు ఉంటే నీళ్లు వచ్చాయి. నీలం ఛాయ ఉంటే విపరీతంగా వేడెక్కింది. గాడిలో అరిగిన దారి వంకరగా ఉంటే అలైన్‌మెంట్ చెడింది. లిప్ సీల్ ఆనే చోట షాఫ్ట్ మీద గోటితో గీసి చూడండి. గోరు పట్టుకుంటే అక్కడ గాడి పడింది, ఎంత కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది. దాని మీద పలుచటి స్లీవ్ తొడగాలి, లేదా షాఫ్ట్ మార్చాలి. ఇసుక నీళ్లలో తిరిగే బోట్లకు ఇది మామూలే.

కొత్తది ఎక్కించడంలోనూ చదువు ఉంది. షాఫ్ట్ మీదికి బేరింగ్ ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ బంతుల గుండా వెళ్లి గాడిలో సొట్టలు పడతాయి. కొత్త బేరింగ్ పెట్టెలోంచి తీసిన రోజే సగం చచ్చిపోతుంది. ఇంకోటి, ఇంపెల్లర్ నీళ్లను వెనక్కి నెట్టినంత బలంతో నీళ్లు షాఫ్టును ముందుకు నెడతాయి. చాలా జెట్ యూనిట్లలో ఆ తోపుడంతా ఈ బేరింగే భరించాలి. సైజు సరిపోయింది కదా అని షాపులో దొరికిన మామూలు బాల్ బేరింగ్ వేస్తే కుదరదు. రేడియల్ లోడు, థ్రస్ట్ లోడు అని మీరు థర్డ్ ఇయర్‌లో బట్టీ పట్టింది ఇదే కదా!

డిజైన్ డేటా బుక్కులో బాల్ బేరింగ్ ఆయుష్షు సూత్రం గుర్తుందా? లోడు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ సూత్రంతో లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నాం కానీ అలైన్‌మెంట్ చెడిన షాఫ్ట్ అదనపు లోడు వేస్తుందని, అందుకే బేరింగ్ అంత తొందరగా పోయిందని కలిపి చెప్పేవాళ్లు తక్కువ. యూనివర్సల్ జాయింట్లున్న డ్రైవ్ షాఫ్ట్ అయితే మరో తమాషా ఉంది. రెండు చివర్లలో కోణాలు సమానంగా ఉండాలి, లేకపోతే ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులై వణుకు పుడుతుంది. అలాగని కోణమే లేకుండా తిన్నగా పెట్టినా మంచిది కాదు. లోపలి సూది రోలర్లు కదలక ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి. కొంచెం వంకర ఉండాల్సిందే. నాకు ఈ విషయం ఎంత చెప్పినా తనివి తీరదు.

ఇదంతా చదివి ‘నాకు జెట్ బోటు ఎక్కడ దొరుకుతుంది అన్నా’ అంటారు. అక్కర్లేదు. మీ ఇంట్లో మిక్సీ జార్ కింద నీళ్లు కారుతున్నాయా? అదే జబ్బు, బుష్ అరిగి సీల్ పోయింది. వాషింగ్ మెషీన్ స్పిన్‌లో రైలులా మోగుతోందా? డ్రమ్ సీల్ కారి నీళ్లు బేరింగ్‌కు చేరి ఉండొచ్చు. కారు వాటర్ పంపుకు అచ్చం ఇలాంటి చుక్కల రంధ్రమే ఉంటుంది, ఏ మెకానిక్ షెడ్డులోనైనా చూపిస్తారు.

నా వాదన మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. మన దగ్గర రిపేరు అంటే డిప్లొమా వాళ్ల పని, డిజైన్ అంటే బీటెక్ వాళ్ల పని అనే చిన్నచూపు ఉంది. దాని వల్ల నష్టపోతున్నది బీటెక్ వాళ్లే. కొనుక్కొచ్చిన మేజర్ ప్రాజెక్టు మీద మూడో ప్రశ్నకే మాట తడబడుతుంది. సొంతంగా విప్పి చూసిన పంపు మీద ముప్పై ప్రశ్నలు వేసినా నిలబడతారు. కోర్ కంపెనీల్లో ఖాళీలు తక్కువ, మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే చిన్నదే, ఆ మాట దాచను. సాఫ్ట్‌వేర్‌కే వెళ్లాలనుకుంటే వెళ్లండి, అక్కడా సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేసేవాడు ఒకడు, ఎందుకు పడిందో లాగ్ చదివేవాడు ఒకడు ఉంటారు. ఏడాది తిరిగాక వాళ్ల జీతాలు ఒకలా ఉండవు.

ఈ సెలవుల్లో ఓ పని చేయండి. మీ ఊళ్లో మోటార్లు, పంపులు బాగుచేసే షెడ్డుకు మధ్యాహ్నం పూట, రద్దీ లేనప్పుడు వెళ్లండి. బాబాయ్ అనో అన్నా అనో పలకరించి, ఏదైనా కారుతున్న పంపు విప్పేటప్పుడు పిలవమని అడగండి. ఆయన చేతులు చూడండి, ప్రతి దశకూ ఫొటో తీయండి. లక్షణం ఏంటి, ఏమేం అనుమానించారు, వేటిని ఎందుకు కొట్టేశారు, ఏం దొరికింది అని రెండు పేజీలు రాసుకోండి. రెజ్యూమెలో ఆ పని ఒక్క లైనుగా పెట్టండి, మిగతాది వాళ్లే అడుగుతారు. పాత సీల్‌ను మాత్రం పారేయనివ్వకండి. అడిగి తెచ్చుకుని, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు జేబులో వేసుకోండి.